అందరూ చెప్పే ఆ పది సినిమాలూ అయిపోయాక ఏం చూడాలి, ఏ కాపీలో చూడాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మాయాబజార్, గుండమ్మ కథ, మల్లీశ్వరి, శంకరాభరణం, సాగరసంగమం... ఏ లిస్టు తీసినా ఇవే. ఇవి దాటి, జనం పట్టించుకోకుండా వదిలేసిన మంచి తెలుగు సినిమాలు ఏవి? నాన్నగారు రెండు నెలలు మా దగ్గర ఉంటారు, ఆదివారానికి ఒకటి చొప్పున చూద్దామని అనుకుంటున్నాం. ఈమధ్య యూట్యూబ్‌లో రెండు పాతవి మొదలుపెట్టి ఇరవై నిమిషాలకే ఆపేశాం."

ఎనిమిది ఆదివారాలకు ఈ వరసలో చూడండి: పెద్దమనుషులు (1954), ఐతే (2003), సాక్షి (1967), చివరకు మిగిలేది (1960), పంతులమ్మ (1977), సుడిగుండాలు (1968), స్త్రీ (1995), దాసి (1988). ఇది విడుదలైన వరస కాదు, కంటికీ ఓపికకీ అలవాటయ్యే వరస. దాసితో మొదలుపెడితే రెండో ఆదివారానికి టీవీ ముందు మీరొక్కరే మిగులుతారు.

ఇరవై నిమిషాలకు ఆపేశామన్నారు చూశారా, తప్పు సినిమాది కాకపోవచ్చు. పాత తెలుగు సినిమా బోరు కొట్టిందని చెప్పేవాళ్లలో చాలామంది చూసింది పక్కలు కోసేసిన, సాగదీసిన, పాటలు ఎగరగొట్టిన కాపీని. అందుకే ఈ జవాబులో సగం సినిమాల గురించి, సగం కాపీ గురించి.

ముందు ఒక మాట. మరుగునపడ్డ సినిమా అంటే గొప్ప సినిమా అనే భ్రమ మన అభిమానుల్లో బాగా ఉంది. మరుగునపడ్డవాటిలో ఎక్కువ భాగం పడాల్సినవే పడ్డాయి. పైగా కొన్ని "ఎవరికీ తెలియని ఆణిముత్యాలు" అందరికీ తెలుసు. మా భూమి, మిథునం, కేరాఫ్ కంచరపాలెం లాంటివి ఇప్పుడు ఏ లిస్టులోనైనా ఉంటున్నాయి కాబట్టి ఇక్కడ వదిలేశాను.

మంచి సినిమా ఎందుకు మరుగున పడుతుందో తెలిస్తే ఇలాంటివి మీరే వెతుక్కోగలరు. తెలుగులో నాకు కనబడే దారులు మూడు. ఒకటి, అవార్డు వచ్చింది కానీ థియేటర్ దొరకలేదు. 1980, 90ల్లో ఇలాంటివి ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో ప్రాంతీయ భాషా చిత్రాల వరసలో ఒకసారి వచ్చి పోయేవి. ఆ పూట కరెంటు పోతే అంతే సంగతులు. రెండు, పెద్ద పేర్లున్నా జనం ఆశించింది దొరకలేదు. ఆదుర్తి, అక్కినేని కలిసి తీసిన సుడిగుండాలు, మరో ప్రపంచం (1970) ఇలాంటివే. మూడోది విచిత్రం. పాటలు బతికిపోయాయి, సినిమా కనుమరుగైంది. రేడియోలో పాట వినని ఇల్లు లేదు, సినిమా చూసినవాడు మాత్రం వీధికొకడు దొరకడు.

ఈ మూడో దారే వెతకడానికి సులువు. మీ నాన్నగారు కూనిరాగం తీసే పాట ఏ సినిమాలోదో కనుక్కోండి. నీరాజనం (1989)లో "నిను చూడక నేనుండలేను" తెలియనివాళ్లు తక్కువ. దానికి సంగీతం ఇచ్చింది హిందీ సంగీత దర్శకుడు ఓ.పి. నయ్యర్ అని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. మంచు పల్లకి (1982)లో "మేఘమా దేహమా" వింటారు, అది వంశీ మొదటి సినిమా అని మరిచిపోతారు. ఆలాపన (1986), సంకీర్తన (1987) ఇళయరాజా పేరుతోనే నిలిచాయి.

ఇక ఎనిమిదీ ఎందుకో చెబుతాను.

పెద్దమనుషులు మొదట పెట్టడానికి కారణం, ఇది పాతదిలా అనిపించదు. ఊరికి పెద్ద, మున్సిపల్ ఛైర్మన్, ధర్మం గురించి ఉపన్యాసాలు దంచే మనిషి, లోపల కుళ్లు. నార్వే నాటకకర్త ఇబ్సెన్ నాటకం నుంచి ఎత్తుకున్న కథే అయినా తెలుగు పట్టణంలో పుట్టినట్టే ఉంటుంది. మాయాబజార్‌కి మూడేళ్ల ముందు కె.వి. రెడ్డి తీసింది, డి.వి. నరసరాజు మాటలు రాసిన తొలి సినిమా. గమనించాల్సింది జంధ్యాల గౌరీనాథశాస్త్రి గొంతు. ఆయన ఎక్కడా విలన్‌లా మాట్లాడడు, అందుకే భయం వేస్తుంది. "నందామయా గురుడ నందామయా" దగ్గర నాన్నగారు తప్పకుండా గొంతు కలుపుతారు. లోపం కూడా చెప్పాలి. రెండో సగంలో సంఘటనలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, ముగింపు తొందరగా సర్దేసినట్టు ఉంటుంది.

ఐతే రెండో వారం. వెంటనే ఇంకో నలుపు తెలుపు సినిమా పెడితే ఇంట్లో చిన్నవాళ్లు లేచిపోతారు. చంద్రశేఖర్ యేలేటి మొదటి సినిమా, నిర్మాత గుణ్ణం గంగరాజు. చేతిలో పనిలేని నలుగురు కుర్రాళ్లు, దేశం దాటాలనుకునే మాఫియా డాన్ ఒకడు, మధ్యలో విమానం హైజాక్ ఆలోచన. అంతకు మించి చెబితే చెడిపోతుంది, ఇంటర్నెట్‌లో కథ చదవకండి. స్టార్ లేడు, డబ్బూ ఎక్కువ లేదు. ఆ లోటంతా స్క్రిప్టు కప్పేసింది. జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం. ఇది నచ్చితే అదే దర్శకుడి అనుకోకుండా ఒక రోజు (2005), ఆ తర్వాత ఒక్కడున్నాడు (2007) చూడండి. రెండోది "బాంబే బ్లడ్ గ్రూప్" అనే అరుదైన రక్తం చుట్టూ అల్లిన కథ. మొదటి సగం కాస్త తడబడుతుంది కానీ ఆలోచన గట్టిది.

సాక్షి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. బాపు మొదటి సినిమా, రచన ముళ్లపూడి వెంకటరమణ. సెట్లలో తెలుగు పల్లెటూళ్లు కట్టుకుంటున్న రోజుల్లో పులిదిండి అనే గోదావరి ఊరికి వెళ్లి అక్కడే తీశారు. బల్లకట్టు నడుపుకునే ఒక అమాయకుడు హత్య చూస్తాడు, కోర్టులో నిజం చెబుతాడు. బయటికొచ్చి నిన్ను చంపుతానని హంతకుడు శపథం చేస్తాడు. సాక్ష్యం చెప్పేదాకా భుజం తట్టిన ఊరు, ఆ తర్వాత తలుపులు వేసుకుంటుంది. అంతే కథ. కృష్ణ అప్పటికి పెద్ద స్టార్ కాదు, ఆ భయం ముఖంలో నిజంగా కనబడుతుంది. బాపు బొమ్మలు వేసే మనిషి కాబట్టి ఫ్రేము చూడండి. మనిషిని ఒక మూలకి తోసి, మిగతా చోటంతా ఖాళీగా వదిలేస్తాడు. ఇక్కడే కాపీ సమస్య మొదలవుతుంది. కింద చెప్పే పైనా కిందా కోసిన కాపీలో ఆ ఖాళీ పోతుంది, దాంతో సగం అర్థమూ పోతుంది. పాశ్చాత్య కౌబాయ్ సినిమా ఛాయ దీనిలో ఉందంటారు, నిజమే. కానీ "అమ్మ కడుపు చల్లగా" పాట ఏ కౌబాయ్ సినిమాలోనూ పట్టదు.

సాక్షి నచ్చినవాళ్లు బాపు వరసలో బంగారు పిచిక (1968) వెతుక్కోవచ్చు. అప్పట్లో ఆడలేదు. చంద్రమోహన్, విజయనిర్మల. హాయిగా నవ్వుకోవచ్చు. పిల్లలతో అయితే బాలరాజు కథ (1970), మహాబలిపురంలో గైడుగా తిరిగే కుర్రాడి కథ. వంశవృక్షం (1980) కన్నడ రచయిత భైరప్ప నవల మీద తీసింది, అనిల్ కపూర్ హీరోగా తొలి అడుగులు ఇక్కడే. చూడదగ్గదే కానీ నవల చదివినవాళ్లకు చాలదు.

చివరకు మిగిలేది బుచ్చిబాబు నవల కాదు. ఈ పొరపాటు ప్రతి చర్చలోనూ ఒకరు చేస్తారు. పేరొకటే, కథ వేరు. బెంగాలీ సినిమాకి తెలుగు రూపం ఇది. ఆ కథనే తర్వాత హిందీలో ఖామోషీ (1969)గా తీశారు. మానసిక చికిత్సాలయంలో నర్సు, రోగిని నయం చేయడానికి ప్రేమ నటించాల్సి వస్తుంది. నటనకీ ప్రేమకీ మధ్య గీత చెరిగిపోతుంది. సావిత్రి అంటే దేవదాసు, మాయాబజార్, మిస్సమ్మ అని ఆగిపోయేవాళ్లకి ఇది చూపించాలి. అప్పట్లో డబ్బు రాలేదు. అశ్వత్థామ సంగీతంలో ఘంటసాల పాడిన "సుధవో సుహాసిని" మాత్రం మిగిలింది. దర్శకుడు జి. రామినీడు. చివరి పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి చూడండి. ఇది నచ్చి, ఇంకాస్త మెల్లగా నడిచే సినిమాను కూడా తట్టుకోగలమనుకుంటే బాటసారి (1961). శరత్ కథ, భరణీవారి సినిమా. భానుమతి, అక్కినేని. మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. నాన్నగారికి మధ్యాహ్నం భోజనం అయ్యాక పెట్టకండి, కునుకు ఖాయం.

పంతులమ్మ పాటల దారిలో దొరికేది. "సిరిమల్లె నీవే", "మానసవీణ మధుగీతం" వేటూరి రాయగా రాజన్-నాగేంద్ర కట్టినవి. సింగీతం శ్రీనివాసరావు అనగానే మాటల్లేని పుష్పక విమానం, టైమ్ మెషీన్‌లో కృష్ణదేవరాయల దగ్గరికి వెళ్లిన ఆదిత్య 369 గుర్తొస్తాయి. అంతకు చాలా ముందు ఆయన ఇంత నెమ్మదైన కుటుంబ కథ చెప్పగలిగాడని ఇది చూస్తేనే తెలుస్తుంది. లక్ష్మి నటన దీనికి ప్రాణం. మధ్యలో ఉన్న వారానికి తేలిగ్గా ఉంటుందనే ఇక్కడ పెట్టాను, ఎనిమిదింటిలో గొప్పదని కాదు.

సుడిగుండాలు దీనికి పూర్తి ఎదురు. చిన్న వయసు కుర్రాళ్లు సరదాకి చేసిన హత్య, చనిపోయింది జడ్జి కొడుకు, ఆ తండ్రి నిందితుల తరఫున నిలబడతాడు. 1968లో ఈ మాట అనడానికి ధైర్యం కావాలి. కోర్టు సీన్లలో ఉపన్యాసం కాస్త ఎక్కువే, ఒప్పుకోవాలి. అయినా ఆగి చూస్తే పిల్లల పెంపకం మీద అప్పటి సినిమా వేసిన ప్రశ్న ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. అక్కినేని హీరో పోకడలన్నీ వదిలేసిన పాత్ర.

స్త్రీ పాలగుమ్మి పద్మరాజు "పడవ ప్రయాణం" కథ. కె.ఎస్. సేతుమాధవన్ దర్శకుడు. ఆయన మలయాళీ, అయినా గోదావరి పడవ మీద రాత్రిని ఇంత బాగా పట్టినవాళ్లు మనలో తక్కువ. రోహిణికి జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రస్తావన వచ్చింది. కథ పది పేజీలు కూడా ఉండదు, ముందు కథ చదివి తర్వాత సినిమా చూడండి. సాధారణంగా దీనికి ఉల్టా చెబుతాను. ఇక్కడ మాత్రం కథలోని రంగిని పుస్తకంలో ముందు కలిస్తే, తెరమీద ఆమె మొండితనం ఇంకా బాగా అర్థమవుతుంది. పద్మరాజు దారి పట్టుకుంటే వెనక్కి నలభై ఏళ్లు వెళ్లి బంగారుపాప (1955) దగ్గర ఆగుతారు. బి.ఎన్. రెడ్డి సినిమా, మాటలు పద్మరాజువి. ఎస్వీ రంగారావు కర్కోటకుడిగా మొదలై ఒక పసిపిల్ల చేతిలో కరిగిపోతాడు. ఘటోత్కచుడు, నేపాళ మాంత్రికుడు కాకుండా ఎస్వీఆర్‌ని చూడాలంటే ఇదే.

దాసి చివర. బి. నర్సింగరావు సినిమా. తెలంగాణలో ఒక గడి, దొర, దొరసాని, వాళ్లింట్లో ఆడబాపలా (దొరల ఇంటి దాసిలా) పడి ఉండే కమలాక్షి. అర్చనకి ఉత్తమ నటి, ఎ.కె. బీర్‌కి ఛాయాగ్రహణం, వైకుంఠంకి కళ, సుదర్శన్‌కి దుస్తులు, ఆపైన ఉత్తమ తెలుగు చిత్రం, మొత్తం అయిదు జాతీయ అవార్డులు. అయినా ఎంతమంది చూశారో మీ చుట్టాల్లో అడిగి చూడండి. మాటలు చాలా తక్కువ. వంటగది, వసారా, బావి, పడకగది, ఇంతే లోకం. కోస్తా వాళ్లకి ఒకటి రెండు మాటలు ఆగిపోవచ్చు (గడి అంటే దొర కోట, వెట్టి అంటే కూలి లేని చాకిరి). మొదటి నలభై నిమిషాలు ఏమీ జరగడం లేదనిపిస్తుంది. ఆ ఏమీ జరగకపోవడంలోనే ఆమె బతుకంతా ఉంది.

నాన్నగారితో కాకుండా మీరొక్కరే చూడాల్సినవి కొన్ని. ఒక ఊరి కథ (1977), మృణాల్ సేన్ తెలుగులో తీసిన ఏకైక సినిమా, ప్రేమ్‌చంద్ "కఫన్" ఆధారం. పని చేస్తే దొర బాగుపడతాడు తప్ప మనం కాదు అని పని మానేసిన తండ్రీకొడుకులు. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటుంది. శ్యామ్ బెనెగల్ అనుగ్రహం (1978), హిందీలో కొండూరాగా ఒకేసారి తీసినది. అనంత్‌నాగ్, వాణిశ్రీ, స్మితా పాటిల్. పెదవుల కదలికకీ మాటకీ అక్కడక్కడా పొంతన ఉండదు, పదినిమిషాల్లో మరిచిపోతారు. గ్రహణం (2004), చలం "దోషగుణం" కథ, ఇంద్రగంటి మోహనకృష్ణ మొదటి సినిమా, చిన్న డిజిటల్ కెమెరాతో తీసింది. ఒక కుర్రాడి జ్వరం, ఊళ్లో పుకారు, ఒక ఇల్లాలి మీద పడ్డ నింద. వనజ (2006), రజనీష్ దోమలపల్లి కొలంబియా యూనివర్సిటీ చదువులో భాగంగా తీసి, బెర్లిన్‌లో తొలి సినిమా బహుమతి తెచ్చుకున్నది. కూచిపూడి నేర్చుకునే పల్లెటూరి పిల్ల కథ అని పిల్లలకి పెట్టేస్తారు కొందరు. పెట్టకండి. ఆ అమ్మాయి మీద జరిగే అత్యాచారం కథకి కేంద్రం.

ఇక కాపీ సంగతి.

పేరుతో పాటు సంవత్సరం లేకుండా వెతకొద్దు. ఆరాధన అని కొడితే 1962, 1976, 1987 మూడూ వస్తాయి, మూడు వేర్వేరు సినిమాలు. దేవత 1941, 1965, 1982. వందేమాతరం 1939లో ఒకటి, 1985లో ఒకటి. ముందు తెలుగు లిపిలో పేరు, సంవత్సరం, ఒక నటుడి పేరు కొట్టండి. రాకపోతే ఇంగ్లీషు స్పెల్లింగ్ మార్చి మార్చి కొట్టాలి. "వ"కి రెండు రకాల అక్షరాలు, "త"కి హెచ్ పెట్టీ పెట్టకా, దీర్ఘానికి ఒక ఏ, రెండు ఏలు. అప్‌లోడ్ చేసేవాళ్లు ఒక పద్ధతి పాటించరు. దొరికాక తొలి మూడు నిమిషాల్లో టైటిల్ కార్డు చూసి నిర్ధారించుకోండి. బొమ్మ ఒక సినిమాది, లోపల ఇంకో సినిమా ఉండటం మామూలే. భీష్మ ప్రతిజ్ఞ (1921) "ఫుల్ మూవీ" అని కనబడితే నవ్వుకుని వదిలేయండి, ఆ సినిమా ప్రింటే మిగల్లేదు.

నిడివి లెక్క వేయండి. చాలా కాపీల్లో మొదట కొన్ని సెకన్లు సెన్సార్ సర్టిఫికెట్ కనబడుతుంది. అక్కడ ఆపి పొడవు చదవండి. పాతవాటిలో అడుగుల్లో, తర్వాతవాటిలో మీటర్లలో ఉంటుంది. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. 4,000 మీటర్లు ఉంటే 146 నిమిషాలు రావాలి. 14,000 అడుగులైతే 155 నిమిషాలకి దగ్గర. మీ కాపీ 115 నిమిషాలే ఉంటే అరగంటకి పైగా ఎక్కడో పోయింది. సాధారణంగా పోయేవి పాటలు, కామెడీ ట్రాకు. ఒక్కోసారి ఒక రీలు మొత్తం పోతుంది, అంటే పదకొండు నిమిషాలు. కథ ఉన్నట్టుండి గెంతిందంటే అదే.

కొద్దిగా తక్కువైతే మాత్రం కంగారు పడక్కర్లేదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మన టీవీ పద్ధతిలో 25. టీవీ కోసం ఎక్కించిన కాపీలు నాలుగు శాతం వేగంగా నడుస్తాయి, 150 నిమిషాల సినిమా 144లో అయిపోతుంది. కోత కాదు, కానీ పాటల శ్రుతి కాస్త పైకి పోతుంది. ఘంటసాల గొంతు సన్నబడినట్టు అనిపిస్తే కారణం ఇదే. ఫైలు మీ దగ్గరుంటే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో వేగం 0.96కి తగ్గించండి. అయితే ఆడియో సెట్టింగుల్లో శ్రుతి మారకుండా సాగదీసే ఆప్షన్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది. దాన్ని తీసేస్తేనే గొంతు అసలు స్థాయికి దిగుతుంది.

బొమ్మ కొలత. నలుపు తెలుపు సినిమాలు దాదాపు చదరంగా, వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లు ఉంటాయి. వాటిని ఇప్పటి వెడల్పు టీవీకి నిండుగా చేయాలని రెండు పాడు పనులు చేస్తారు. ఒకటి పక్కలకి సాగదీయడం. బండి చక్రం, గోడ గడియారం, బొట్టు గుండ్రంగా ఉన్నాయో లేదో చూడండి, కోడిగుడ్డులా ఉంటే సాగదీశారు. ఇది సరిచేయొచ్చు, టీవీ పిక్చర్ సైజు 4:3కి మార్చండి, లేదా వీఎల్‌సీలో కీబోర్డు మీద ఇంగ్లీషు "A" నొక్కుతూ పోండి. రెండోది పైనా కిందా కోయడం. దాదాపు 23 శాతం బొమ్మ పోతుంది, తలలు నుదుటి దగ్గర తెగుతాయి. దీనికి మందు లేదు, ఇంకో కాపీ వెతుక్కోవాల్సిందే. సాక్షికి ఈ పరీక్ష తప్పక చేయండి.

1974లో అల్లూరి సీతారామరాజుతో తెలుగులో సినిమాస్కోప్ మొదలైంది, ఆ తర్వాత క్రమంగా అదే మామూలైంది. వాటికి ఎదురు సమస్య. పాత డబ్బా టీవీల కోసం రెండు పక్కలా కోశారు, నూటికి 43 వంతులు పోయింది. గుర్తు పట్టడం సులువు. టైటిల్స్ అయ్యేదాకా పైనా కిందా నల్లపట్టీలు ఉండి, అవి అయిపోగానే బొమ్మ ఉబ్బి తెర నిండితే కోసేశారని. ఇద్దరు మాట్లాడుకుంటుంటే రెండు అంచుల్లో రెండు ముక్కులు, మధ్యలో గోడ. అలాంటి కాపీలో మీరు చూసేది సినిమా కాదు, గోడ.

కదిలేటప్పుడు అంచులు దువ్వెన పళ్లలా విడిపోతే అది ఇంటర్‌లేస్ సమస్య, వీఎల్‌సీ వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే సర్దుకుంటుంది. శబ్దం ఒక చెవిలోనే వస్తున్నా, ప్రతిధ్వనిలా వస్తున్నా ఆడియో మెనూలో స్టీరియో మోడ్‌ని ఎడమకో కుడికో మార్చి చూడండి, పాత సినిమా శబ్దం ఎలాగూ ఒకే దారిది. ఉన్నట్టుండి పాట మూగబోతే హక్కుల గొడవలో ఆ ముక్క నొక్కేశారని అర్థం. అలాంటిది వదిలేసి హక్కుదార్ల ఛానెల్లో వెతకండి. వాళ్లు పెట్టినది సాధారణంగా పొడవుగానూ ఉంటుంది, శబ్దమూ నయం.

పాటలు పోయాయా లేదా తేల్చడానికి పాటల పుస్తకం మంచి సాక్ష్యం. సినిమా హాలు బయట అమ్మిన ఆ పల్చటి పుస్తకాల్లో నటీనటులు, పాటలు, "మిగతా కథ వెండితెరపై" అని ఆపేసిన కథ ఉంటాయి, చాలావాటిని స్కాన్ చేసి పెట్టారు. ఒక జాగ్రత్త. పుస్తకం విడుదలకి ముందే అచ్చయ్యేది కాబట్టి సినిమాలోంచి తీసేసిన పాట కూడా అందులో ఉండొచ్చు. పుస్తకంలో తొమ్మిది ఉండి తెరమీద ఎనిమిదే ఉంటే కోత అని ఖాయం చేయకండి. ఆరే ఉంటే అనుమానించండి.

మీరు ఇంకొకరికి ఇలాంటి సినిమా చెప్పేటప్పుడు పేరు, సంవత్సరం, మీరు చూసిన కాపీ నిడివి, ఎన్ని నిమిషాలు ఓపిక పట్టాలి, ఇంటిల్లిపాదీ చూడొచ్చా, ఈ అయిదూ రాయండి. "తప్పక చూడాల్సిన మాస్టర్‌పీస్" అని రాసిన మాట ఎవరికీ పనికిరాదు.

చివరిగా మీ ఎనిమిది వారాల మాట. పగలు చిన్న తెర మీద ఐతే, పంతులమ్మ చూసినా నష్టం లేదు. చివరకు మిగిలేది, స్త్రీ దీపం తగ్గించుకుని రాత్రి చూడండి. ఏదైనా సరైన కాపీ దొరక్కపోతే పట్టుబట్టి పాడు కాపీ పెట్టొద్దు, బదులు ఉన్నాయి. సుడిగుండాలుకి బదులు పూజాఫలం (1964), స్త్రీకి బదులు బంగారుపాప, పంతులమ్మకి బదులు మంచు పల్లకి. దాసికి మాత్రం ఎక్కువ వెతకండి. గడి లోపల సీన్లు చాలావరకు ఒక్క కిటికీ వెలుగులోనో దీపం వెలుగులోనో ఉంటాయి, నాసిరకం ఫైలులో ఆ చీకటంతా బూడిదరంగు గళ్లుగా మారి అర్చన ముఖం కనబడదు. అలాంటిదే దొరికితే ఆ ఆదివారానికి నర్సింగరావుదే రంగుల కల (1983) పెట్టి, దాసిని నాన్నగారు మళ్లీ వచ్చినప్పటికి అట్టేపెట్టండి.